రత్నమణి కథలో పాప మాట

కోసిగిలో రత్నమణి చేతి సాంబారు తినని బడిపిల్లలు తక్కువ. మధ్యాహ్న భోజనం వండి, గిన్నెలు బోర్లించాక, స్టోరు గదిలో బియ్యం మూటల పక్కన కూర్చుని రాసుకుంటుంది. చదివింది ఏడో తరగతి. చర్చిలో సాక్ష్యం చెప్పాలంటే ఎప్పుడూ ఆమెనే లేపుతారు. కష్టంతో మొదలుపెట్టి దేవునికి స్తోత్రంతో ముగించడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

కథలు రాసుకునే మేం ఐదుగురం నెలకొక ఆదివారం సాయంత్రం అదే బడిలో కలుస్తాం. ఎవరిది వాళ్లు చదవకూడదు, ఇంకొకరు చదవాలి. అందరూ చెప్పడం అయ్యేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు. ఈ నియమం పెట్టింది పుల్లయ్య, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయిన మనిషి. మాట్లాడనిస్తే ప్రతివాళ్లూ తమ కథకు తామే వకీళ్లవుతారని ఆయన అనుభవం.

పోయిన జూన్‌లో రత్నమణి తన మొదటి కథ తెచ్చింది. పదహారేళ్ల కిందట వానల్లేక, ఏడేళ్ల కూతురు స్తుతిని పక్కింటి విశ్వాసమ్మ దగ్గర వదిలి, మొగుడూ పెళ్లాలు గుంటూరు వైపు మిరపకాయలు కోసే సుగ్గికి, అంటే వలస కూలికి, వెళ్లిన సంగతి. మూడు నెలలకు తిరిగొస్తే బిడ్డ ఏడ్చి విశ్వాసమ్మ వెనక దాక్కుంది. రెండు రోజులు తల్లి దగ్గరికి రాలేదు. ఆ తర్వాత అంతా స్తోత్రమే: ప్రభువు బిడ్డను కాచాడు, తమను పస్తు లేకుండా ఇల్లు చేర్చాడు.

తెలుగు టీచరు స్వర్ణలత చదివింది. కిక్కిరిసిన రైలు పెట్టె, చేను గట్టున వేసుకున్న గుడారం బాగున్నాయన్నాం. పుల్లయ్య మాత్రం చివరి కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇంత రాసినావు గానీ, ఆ పాప ఒక్క మాటన్నా మాట్లాడలేదు గదమ్మా. దాంకునింది అని రాసి, స్టాపు వచ్చినా ఆపని బస్సు మాదిరి ప్రార్థనలోకి పోయినావు. ఆ పాప ఏమనింది?"

తన వంతు వచ్చాక రత్నమణి ఆ చివరి కాగితం వెనక్కి తీసుకుంది. "తెలీదన్నా. ఎప్పుడూ అడగలే" అంది.

జూలైలో రాలేదు. నేను బడికి వెళ్లి అడిగితే, తనకు వంట చాలు, కథలు వద్దంది. కూర్చుని వింటూ ఉంటే మెల్లగా అసలు సంగతి బయటపడింది. స్తుతి ఇప్పుడు కర్నూలులో నర్సు. ఫోను చేస్తే తిన్నావా, డ్యూటీ అయిందా అనేది దాటి మాటలు సాగవు. బిడ్డ మనసు ఆనాడే విరిగిందని, అడిగితే ఆ మాటే చెబుతుందని తల్లి భయం. ఇన్నేళ్లూ ఆ భయం మీద స్తోత్రం కప్పుకుంటూ వచ్చింది.

ఆగస్టులో కూతురికి ఫోను చేసి ఎలాగో అడిగింది. పుల్లయ్యన్న ఊరుకోవడం లేదు, కథకు కావాలంట అని మా మీదికి తోసి అడిగిందట. కూతురు మొదట నవ్వింది. తర్వాత చెప్పింది.

"నువ్వు వచ్చీ రాంగానే నా మొగం పట్టుకుంటివి. నీ చేతులంతా మిరక్కాయ మంట. కండ్లు మండిపాయ, అందుకే ఏడ్చి పరిగెత్తినా."

రత్నమణి ప్రాణం లేచొచ్చింది. కానీ స్తుతి అక్కడ ఆగలేదు.

"ఆ రెండు దినాలు రాకుండా ఉండింది మాత్రం మంటకు కాదుమా. నన్నెందుకు తీస్కపోలేదని కోపం. అది గూడా రాయి."

ఆ ఫోను గంటసేపు నడిచింది. అంతకుముందు ఏడాది వెంట తీసుకెళ్తే మిరప ఘాటుకు బిడ్డ దగ్గి దగ్గి అల్లాడిందని, అందుకే వదిలి వెళ్లానని తల్లి మొదటిసారి చెప్పింది. కూతురికి ఆ దగ్గు గుర్తే లేదు.

సెప్టెంబరులో కథ మళ్లీ చదివాం. చేతుల మంట దగ్గరికి వచ్చేసరికి స్వర్ణలత ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. చదవడం అయ్యాక, కథ అక్కడే ముగిస్తే ఎంతో అందంగా ఉంటుందని, కోపం మాట కొట్టేయమని సలహా ఇచ్చింది. నాకూ అలాగే అనిపించింది. మిగతావాళ్లూ తలూపారు. రత్నమణి తన వంతు కోసం ఓపిగ్గా కాచుకుంది.

"మీరు చెప్పినేవన్నీ ఇన్నా మేడమ్. స్తోత్రం గూడా తీసేసినా. ఇది మాత్రం తీయను. ఆ కోపం నా బిడ్డది, నేను కొట్టేసేదానికి లేదు."

కోపం మాట మీద తాను గీసిన పెన్సిలు గీతను స్వర్ణలత రబ్బరుతో చెరిపేసింది. ఇక మొదటి పేజీకి వెళదామన్నాడు పుల్లయ్య, అక్కడ రైలు ఎంతకీ కదలడం లేదట. రత్నమణి పెన్ను మూత తీసింది.