పాత సిస్టమ్ పోనంది

ఆ ఫోల్డర్ పేరెత్తితే నాకు ఒళ్ళుమంట. పాతదని దాని పేరులోనే ఉంది, ఎందుకూ పనికిరాదని మా మరిదే చెప్పాడు, అయినా సీ డ్రైవ్‌లో సగం మింగి కూర్చుంది. డిలీట్ నొక్కితే నాకు అనుమతి లేదంటుంది. భోపాలపట్నంలో ఆన్‌లైన్ పనుల దుకాణం నాది, కంప్యూటర్ నేను కొన్నది, కరెంటు బిల్లు నేను కట్టేది. ఇక ఎవరి అనుమతి కావాలో!

దాన్ని అక్కడ పెట్టిపోయింది కూడా మా మరిదే. జగదల్‌పూర్‌లో కంప్యూటర్లు బాగుచేస్తాడు. హోలీకి వచ్చి, నేను వంటింట్లో ఉండగా, అడక్కుండా కంప్యూటర్‌లో కొత్త సిస్టమ్ ఎక్కించాడు, పాతది ఆ ఫోల్డర్‌లో మిగిలింది. తెల్లారి చూస్తే స్క్రీన్ ఖాళీ. ఇక్కడి దుకాణాలన్నిట్లో లాగే నేనూ జనం ఫొటోలు స్క్రీన్ మీదే, ఊళ్ళ పేర్లతో పెట్టుకునేదాన్ని. మద్దేడ్, తర్లగూడ, తర్రెం. అవేవని ఎప్పుడడిగినా ఒకటే మాట: "యాడికి పోతయి వదినా, లోపల ఉంటయి తియ్."

వానాకాలంలో ఒక పొద్దున తర్లగూడ పక్క పల్లె నుంచి ఒక దోర్ల తెగ ఆమె వచ్చింది. భర్త జ్వరంతో పోయాడు. అంతకు ముందు ఏడాది, బ్యాంకు పని కోసం వెనక తెల్ల దుప్పటి కట్టి అతని ఫొటో తీసింది నేనే. అతనికి ఇంకో ఫొటో లేదు. ఆధార్ కార్డు మీద ఉన్నది మొహమో మసి మరకో తెలియదు.

"రేపే ఆయన దినం అక్కా. ఆ ఫొటో పెద్దగ చేసియ్యి. నా బిడ్డ చిన్నది, తండ్రి మొఖం మరిచిపోతది," అంది.

వెతుకుదామంటే కంప్యూటర్ బిగుసుకుపోయింది. డిస్క్‌లో జాగా లేదట. మరిదికి ఫోన్ చేశాను. ముందు ఫొటోలు ఎక్కడున్నాయో చూడమన్నాను.

"ముందు జాగా చెయ్యాలె గద. ఆ కచరా తీసేస్త, ఆగు."

జగదల్‌పూర్‌లోనే కూర్చుని, నెట్ మీద నా కంప్యూటర్‌లోకి దూరాడు. నేను ముట్టుకోకుండానే బాణం గుర్తు తిరుగుతుంటే, పరాయివాడెవడో నా బీరువా కెలుకుతున్నట్టు అసహ్యం వేసింది. ఏదో నల్ల కిటికీ తెరిచి టైప్ చేశాడు. ఇన్నాళ్ళూ నాకు లొంగని ఫోల్డర్ అతనికి లొంగింది. చెరిగిపోతున్న ఫైళ్ళ పేర్లు గబగబా పైకి పోతున్నాయి. వాటిలో తర్లగూడ అన్న పేరు కనిపించింది.

"ఆపు! నా ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఆపు!"

"ఒక్క నిమిషం వదినా, అయిపోతంది."

వైరు పీకేశాను.

మళ్ళీ ఆన్ చేస్తే ఫోల్డర్ ఉంది. ఎవరికీ అక్కర్లేని సిస్టమ్ ఫైళ్ళు గుట్టలుగా అలాగే ఉన్నాయి. వాటిని కదపాలంటే ఇంకా అనుమతి కావాలట. మనుషుల ఫొటో ఒక్కటి లేదు. వాటిని తుడిచెయ్యడానికి అది ఎవర్నీ ఏమీ అడగలేదు.

"అవి ఇంక రావు వదినా. అయినా జాగా అయితే వచ్చింది గద," అన్నాడు ఫోన్‌లో. నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశాను. ఇప్పటికీ మా మధ్య మాటల్లేవు. మెషీన్ చేసిన దానికి మనిషినెందుకు అంటావని ఇంట్లో అందరూ నాకే చెప్తారు. చెయ్యి మెషీన్‌ది కాదు, అతనిది.

ఆ దోర్ల ఆమె బల్ల మీద కూర్చుని ఇదంతా చూసింది. నేను నోరు తెరిచేలోపే, "పోయిండా?" అంది. తలూపాను. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"ఆ తెల్ల దుప్పటి యాడుంది?" అంది.

తెచ్చి కట్టాను. దాని ముందు కూర్చుని తల నిమురుకుంది.

"నన్ను తియ్. ఇప్పుడే కాగితం మీద తీసియ్యి. నేను పోయినంక నా బిడ్డ మీ అసొంటోళ్ళ కాడికి రావద్దు."

కెమెరా వైపు చూడమన్నాను. నా వైపే చూసింది. అలాగే తీశాను. ప్రింట్ వెంటనే వచ్చింది, జాగా ఉంది కదా.