ఇంకా వేడెక్కనేదమ్మా

మల్కాపురంలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు రిఫైనరీలో పనిచేసేవాడు. మా నాన్నది పోర్టులో కళాసీ పని. ఎనభైలలో ఆ వీధి మొత్తానికి టీవీ ఉన్నది ఓనరు ముందుగదిలోనే. చెక్కపెట్టెలో, పక్కలకు జరిపే తలుపులతో, నాలుగు కాళ్ల మీద నిలబడి ఉండేది. సినిమా వేసే సాయంత్రం అందరం వెళ్లి గచ్చు మీద కూర్చునేవాళ్లం.

ఆ టీవీ మీట నొక్కగానే వెలిగేది కాదు. ముందు గుయ్యిమని మోత. వెనక కన్నాల్లోంచి లోపలి గాజు గొట్టాలు ఎర్రగా రాజుకోవడం కనిపించేది. వేడికి దుమ్ము మాడిన వాసన వచ్చేది. తర్వాత మాటలు. మనిషి గొంతు గదంతా మోగుతున్నా తెర నల్లగానే ఉండేది. ఎప్పటికో బూడిదరంగు వెలుగు, అందులో నలిగిపోయినట్టు చిన్న బొమ్మ. అది మెల్లగా సాగి తెర నిండేది.

ఓనరు తల్లికి డెబ్భై దాటాయి. రెండు కళ్లకూ పొరలు. ఆపరేషనంటే భయపడి, తనకు బాగానే కనిపిస్తుందనేది. టీవీ ఎదురుగా పీట ఆమెదే. తెర మీద వెలుగు మాత్రం తెలిసేదనుకుంటాను.

ఒకరోజు సినిమా మొదలైన కాసేపటికి ఆమె అడిగింది. ‘‘మాటలొస్తన్నాయి గాని బొమ్మేదిరా?’’

బొమ్మ ఎప్పుడో వచ్చేసింది. ఓనరు మా అందరి వంకా చూసి కన్ను కొట్టాడు. ‘‘ఇంకా వేడెక్కనేదమ్మా. కూకో, వొస్తాది.’’

గదంతా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది.

అప్పటినుంచి అదొక ఆటయింది. ‘‘సెయ్యెట్టి సూడమ్మా, వేడెక్కిందేటో’’ అనేవాడు. ఆమె తడుముకుంటూ వెళ్లి పెట్టె మీద అరచెయ్యి ఆనించేది. ‘‘ఎచ్చగానే ఉందిరా.’’ ‘‘సాల్దు, ఇంకా ఎక్కాల.’’ ఆమె తిరిగొచ్చి పీట మీద కుదురుగా కూర్చునేది. కోడలు పైటచెంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. సినిమా అయిపోయి టీవీ తలుపులు మూసేదాకా ఆమె అలా ఎదురుచూసేది. మా వీధిలో కొందరు సినిమా కోసం కాక ఆమె కోసమే రాసాగారు.

ఒక సాయంత్రం ఆమె రాకముందే ఓనరు పీటను గోడవైపు తిప్పేశాడు. ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని, వీపు టీవీకి పెట్టి, సున్నం గోడనే చూస్తోంది. వెనకనుంచి పాట వస్తోంది. పక్కింటావిడ అడిగింది. ‘‘మామ్మా, బొమ్మొచ్చిందేటి?’’

‘‘వొస్తన్నాదే. తెల్లగా వొస్తన్నాది’’ అంది ఆమె.

నవ్వులకు పాట వినిపించలేదు. మా అమ్మ లేచి నిలబడింది.

‘‘అత్తా, బొమ్మొచ్చి సేనా సేపయింది. నిన్ను గోడకేసి కూకోబెట్టారు. ఈలందరూ నిన్ను సూసే నవ్వుతన్నారు.’’

ముసలామె చెయ్యి చాచి గోడ తడిమింది.

‘‘కిందటిసారి కూడా వొచ్చిందా?’’

‘‘వొచ్చింది అత్తా.’’

‘‘అంతకు ముందూ?’’

‘‘అప్పుడూ వొచ్చింది.’’

‘‘అయితే నాకు కళ్లు నేవన్నమాట’’ అంది ఆమె. తర్వాత ఒక్కసారిగా అమ్మ గొంతు వచ్చిన వైపు తిరిగింది. ‘‘నిన్నెవురడిగినారే? ఆడు నా కొడుకు, నవ్వితే నవ్వుకుంటాడు. వొస్తాది వొస్తాదనుకుని నాను కూకునేదాన్ని. ఆ కాస్తా తీసేసినావు గదే.’’

ఓనరు టీవీ కట్టేశాడు. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలోకొచ్చి, ‘‘బావా, ఇంకో ఇల్లు సూసుకో’’ అని నాన్నతో చెప్పి వెళ్లిపోయాడు.

పెందుర్తిలో ఇల్లు దొరికేదాకా అక్కడే ఉన్నాం. ముసలామె మళ్లీ ముందుగదిలోకి రాలేదు. టీవీ మోత మొదలైతే పెరట్లో కుళాయి దగ్గరికి పోయి కూర్చునేది.

సామాను ఎక్కించాక అమ్మ పెరట్లోకి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ముసలామె చింతపండులో గింజలు తీస్తోంది. ‘‘ఎల్లొస్తాం అత్తా’’ అని అమ్మ వంగి కాళ్లకు దండం పెట్టబోయింది. ఆమె కాళ్లు లోపలికి లాక్కుంది.

వ్యానులో నాన్న అన్నాడు. ‘‘నువ్వు అబద్ధం సెప్పనేదు గదా, ఏడుస్తావేటి?’’

అమ్మ గోపాలపట్నం దాటేదాకా చెంగుతో మొహం కప్పుకునే ఉంది.