బెల్టుది తప్పు కాదన్న అత్తగారు

రెండు వారాల కిందట సోమవారం పొద్దున్న మా బావమరిది ఫోన్ చేసి, "బావా, అమ్మ ఎల్లిపోనాది," అన్నాడు. పక్క గదిలో ఉన్న మా ఆవిడకి ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఎలా చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. దినవారాలు అయిపోయాయి, చుట్టాలందరూ వెళ్ళిపోయారు. మా అత్తగారి గురించి నలుగురికీ చెప్పాలని అప్పటినుంచీ ఒకటే ఆరాటంగా ఉంది.

బొబ్బిలి పక్కన పల్లెలో ఆవిడ పిండిమర నడిపేవారు. మామగారు పోయాక ఇరవై ఏళ్ళ పైన ఒంటిచేత్తో నడిపారు. చదువు ఐదో క్లాసు. నేను శ్రీకాకుళంలో కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఘర్షణ మీద బోర్డు నిండా లెక్కలు చేసి చేతులు దులుపుకునేవాణ్ణి. నాకు తెలిసినవి ఆవిడకేం తెలుస్తాయిలే అని లోలోపల ఉండేది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

వాళ్ళింట్లో అత్త అల్లుడి ఎదటపడదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో నేను ఆవిడ మొహం సరిగ్గా చూసిందే లేదు. తలుపు వెనక చీర అంచు, గాజుల చప్పుడు, అంతే. "ఒసే, అల్లుడుగారు ఇంకో అట్టు ఏసుకుంటారేటో అడగవే," అనేవారు. నేను గుమ్మానికి రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉండేవాణ్ణి. మా ఆవిడ ఆ ప్రశ్నే మళ్ళీ నన్నడిగేది. నేను వద్దంటే ఆ వద్దు మళ్ళీ తలుపు వెనక్కి చేరేది. అట్టు మాత్రం ఎలాగూ పళ్ళెంలో పడేది.

అప్పట్లో పాత కారొకటి కొన్నాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే చాలు, కీచుమని వీధి వీధంతా లేపేది. ఊళ్ళో మెకానిక్ "బెల్టు సార్" అని బెల్టు మార్చాడు. పది రోజులు ఊరుకుని మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ మార్చాడు. ఆ రెండో బెల్టుతోనే, పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని అత్తారింటికి వెళ్ళాను. మర్నాడు సాలూరు ఘాట్ ఎక్కి, ఒడిశా వైపు ఉన్న మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్ళాలి.

తెల్లారగానే పిల్లలు వెనక సీట్లో ఎక్కేశారు. నేను స్టార్ట్ చేశాను. అది అరిచింది.

"ఒసే, ఆ బండి ఆపమను," అని తలుపు వెనకనుంచి వినిపించింది. మా ఆవిడ చెప్పింది. "మొన్ననే కొత్త బెల్టు వేయించాను, ఏం ఫర్వాలేదని చెప్పు," అన్నాను. "కొత్తదైతే ఏటి? పిల్లల్ని పెట్టుకొని ఘాటీ ఎక్కుతారా ఆ బండితోటి? ఆపమనవే!" నాకు ఒళ్ళు మండింది. పిండిమర ఆడించే మనిషి నాకు కారు గురించి చెప్పడమేమిటని గేరు వేశాను.

అప్పుడు ఆవిడ బయటికొచ్చారు. కొంగు నడుముకి బిగించి దోపుకుని, తలమీద ముసుగన్నదే లేకుండా, నెరిసిన ముడితో, చేతిలో నీళ్ళ చెంబుతో వచ్చి బండికి అడ్డంగా నిలబడ్డారు. మా ఆవిడ "అమ్మా, ముసుగు!" అని కంగారుపడింది.

"తిరిగే బెల్టు కాడికి కొంగేసుకొని ఎల్తే మనిషినే లాక్కుంటాది. అల్లుడున్నాడని ఊరుకుంటాదేటి?" అని నావైపు తిరిగారు. "బాబూ, ఆ మూత ఎత్తండి."

తొమ్మిదేళ్ళలో ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. గేరు తీసి, దిగి ఎత్తాను.

"ఒట్టిగా తిరిగినప్పుడు అరుస్తాదా, బరువు పడినప్పుడు అరుస్తాదా?" మరలో గింజలు పోసినప్పుడు ఇంజన్ మీద పడే బరువు ఆవిడ లెక్క. కారులో ఆ బరువేమిటో నేను ఆలోచించుకుని, మళ్ళీ లోపలికెక్కి ఏసీ వేశాను, స్టీరింగ్ చివరిదాకా తిప్పాను. అరుపులో పెద్ద తేడా లేదు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత దూరంగానే నిలబడి, వేళ్ళతో నాలుగు నీటిచుక్కలు బెల్టు మీద చిలకరించారు. అరుపు టక్కున ఆగిపోయింది. నేను నవ్వబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"నీళ్ళకి అరుపు పెరిగితే బెల్టు వదులైనట్టు. ఆగి మళ్ళీ అరిస్తే బెల్టు తిన్నగా నడవట్లేదు, ఏదో పుల్లీ దాన్ని పక్కకి లాగతన్నాది. అరిసేది బెల్టే గానీ తప్పు దానిది కాదు బాబూ. దాన్ని ఏడిపించీది ఎవులో సూడాల."

వంటింట్లోంచి పప్పుగుత్తి తెప్పించారు. బెల్టుకి తగలకుండా ఒక్కో పుల్లీ పక్కనున్న ఇనపదిమ్మకి దాని కొన ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకున్నారు. డాక్టరు గుండె చూసినట్టే చూశారు. మూడోచోట ఆగి, "ఆపండి," అన్నారు. ఇంజన్ ఆపాక మా బావమరిది వచ్చి బెల్టు వదులు చేసి తీశాడు. ఆవిడ నాచేతే ఒక్కో పుల్లీ తిప్పించారు. మొదటి రెండూ నున్నగా తిరిగాయి. బెల్టుని బిగించి పట్టే చిన్న పుల్లీ మాత్రం లోపల ఇసక పోసినట్టు గరగరలాడింది. పట్టుకుని కదిపితే పక్కకి ఊగింది కూడా. ఇన్నేళ్ళూ నేను బోర్డు మీద రాసిందంతా ఆవిడ చెవిలో ఉంది.

బొబ్బిలి నుంచి వచ్చిన మెకానిక్ దాన్ని ఊడదీస్తే, బేరింగు గుండ్లు తుప్పుపొడితో పాటు అరచేతిలో రాలాయి. "ఘాటీ సగం ఎక్కీసరికి ఇది పట్టేసీది మాస్టారూ. బెల్టు తెగితే స్టీరింగు మీ మాట ఇనదు," అన్నాడు. ఆ మలుపులూ, పక్కనున్న లోయా కళ్ళముందు కదిలాయి. వెనక సీట్లో పిల్లలు అద్దం మీద ఊది బొమ్మలు గీసుకుంటున్నారు. ఆవిడ కాళ్ళకి దండం పెడదామని ఇంట్లోకి పరిగెత్తాను. అప్పటికే తలుపు వెనకనుంచి, "అల్లుడుగారికి కాఫీ ఇయ్యవే," అని వినిపించింది.

ఆ తర్వాత ఒక చిత్రం జరిగింది. బానెట్ ఎత్తి ఉంటే ఆవిడ కొంగు దోపుకుని వచ్చి నాతో నేరుగా మాట్లాడేవారు. బానెట్ మూస్తే మళ్ళీ తలుపు వెనకే. అది కనిపెట్టాక నేను వెళ్ళినప్పుడల్లా ఏదో చప్పుడు వస్తోందని బానెట్ ఎత్తడం మొదలెట్టాను. ఆవిడ వచ్చి బెల్టు తిరగేసి లోపలివైపు పగుళ్ళున్నాయేమో చూసేవారు, అద్దంలా మెరుస్తోందేమో చూసేవారు. చూస్తూనే వానల గురించి, మామగారి కోపం గురించి, మా ఆవిడ చిన్నతనం గురించి చెప్పేవారు. అంత కమ్మటి కబుర్లు నేనెక్కడా వినలేదు.

పోయిన నెల ఆవిడ మంచాన పడ్డారని తెలిసి వెళ్ళాం. ఏమని పలకరించాలో తెలియక, ఇంజన్ ఆపకుండానే వాకిట్లో బానెట్ ఎత్తి నిలబడ్డాను. లోపలినుంచి సన్నగా ఆవిడ గొంతు వినిపించింది.

"బాబూ, లోపలికి రండి. బండికేటీ అవలేదు. ఇన్నేళ్ళూ ఏటీ అవలేదు. నాను సెవులారా ఇంటన్నాను కదా."

వెళ్ళాను. ఆవిడ కొంచెం పక్కకి జరిగి, "కూకోండి," అన్నారు. మంచం పట్టె మీద కూర్చున్నాను. వాకిట్లో ఇంజన్ తిరుగుతూనే ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని, తల కాస్త కిటికీవైపు వంచి, దాన్ని వింటూ ఉండిపోయారు.