మూడు కొటేషన్లు, ఒక కిటికీ సీటు

నా భార్య నన్ను అడిగింది ఒక్కటే. యూరప్ వెళ్ళినప్పుడు ఆల్ప్స్ కొండల మీదుగా పోయే రైల్లో కిటికీ పక్క సీటు. కొవ్వూరులో ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పిన మనిషి. ఆ కొండల్ని గోడకు వేలాడే మ్యాపులో బెత్తం కొనతో చూపించడమే గానీ కంటితో చూసింది లేదు. డిసెంబరులో రిటైరైన రోజు సాయంత్రం, సన్మానం శాలువా మడతపెట్టుకుంటూ, "టూరు కంపెనీ బస్సు నాకొద్దండి. ఆ రైలు, ఆ కిటికీ, అంతే" అంది. జనవరిలోనే మే నెలకి విమానం టిక్కెట్లు తీశాం. రైలుకి ఇంకా నాలుగు నెలల వ్యవధి ఉంది. ఆ నాలుగు నెలలూ నేనేం చేశానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

నేను ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేశాను. మూడు కొటేషన్లు లేకుండా గుండుసూది కూడా కొనని ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదల్లేదు. ఒకసారి ఇంట్లో గ్రైండరు పాడైతే, నేను మూడు షాపుల్లో తెల్లకాగితం మీద రేటు రాయించుకొచ్చేవరకు ఆవిడ పదకొండు రోజులు రోట్లో పిండి రుబ్బింది. చివరికి మొదటి షాపులోనే కొన్నాను.

రైలు టిక్కెట్లకీ అదే పద్ధతి పెట్టాను. ఒకటి, ఆ దేశం రైల్వే వాళ్ళ సొంత సైటు. రెండు, అన్ని దేశాల టిక్కెట్లూ ఒకేచోట అమ్మే ఇంకో సైటు. మూడు, గోదావరి అవతల రాజమండ్రిలో కాశీ, షిర్డీ యాత్రలు నడిపే ఒక ట్రావెల్స్ ఆయన. యూరప్ రైలు టిక్కెట్టు ఇప్పించగలరా అంటే ఆయన తడుముకోకుండా, "ఎందుకివ్వలేనండి! ఏసీయా, స్లీపరా?" అన్నాడు. ఆ రైలు పగటిపూట నడిచేదని చెప్పాను. "అయినా లోయర్ బెర్తే మంచిదండి. అమ్మగారికి మోకాళ్ళు కదా" అన్నాడు. ఆ కొటేషన్ని కూడా ఫైల్లో పెట్టుకున్నాను. మూడు ఉండాలి కదా.

చిక్కల్లా మిగిలిన రెండింటితోనే. పొద్దున చూసిన రేటు సాయంత్రానికి ఉండేది కాదు. ఇది బేరమని నాకు తట్టింది. రావులపాలెంలో అరటి గెలలు కొనేటప్పుడు నేనెప్పుడూ చేసేదే. రేటు విని, పెదవి విరిచి, నాలుగడుగులు వెనక్కి నడిస్తే వాళ్ళే పిలుస్తారు. అందుకని డబ్బు కట్టే చివరి పేజీ దాకా వెళ్ళి, పెదవి విరిచి, కంప్యూటరు మూసేశాను. మర్నాడు నిజంగానే పిలిచారు. మీరు ఎంచుకున్న టిక్కెట్లు మీకోసం ఎదురుచూస్తున్నాయని ఈమెయిల్ వచ్చింది.

"చూశావా, దిగొస్తున్నారు" అన్నాను.

"రేటు తగ్గించామని రాశారా?" అంది.

"అది మనం తిరిగెళ్ళాక చెబుతారు."

"సీట్లు అయిపోతాయేమోనండి. అసలు నేనొకటి చదివాను, ఆ దారిలోనే ఇంకో..."

"కొటేషన్లు తేలనీ, తర్వాత మాట్లాడదాం."

వారం ఆగాను. రేటు పెరిగింది. వాళ్ళకి కోపం వచ్చిందనుకుని, అది చల్లారడానికి ఇంకో వారం ఆగాను.

ఇలా ఆగుతుండగానే మార్చి వచ్చింది, మా బావగారు, అంటే ఆవిడ అన్నయ్య, రంగంలోకి దిగారు. ఆయన పక్క వీధిలోనే ఉంటారు. బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు కాబట్టి ప్రపంచంలో ఏ రైలు గురించైనా మాట్లాడే హక్కు తనకుందని ఆయన నమ్మకం. పంచాంగం మీద ఆ హక్కు ఎలా వచ్చిందో నాకు తెలీదు.

"టిక్కెట్ల సంగతి తర్వాత బావగారూ. మే నెలంతా మూఢం. మంచిరోజన్నదే లేదు. ఇప్పుడే ప్రస్థానం పెట్టెయ్యాలి" అన్నారు.

వెళ్ళే రోజు మంచిది కాకపోతే, దానికి ముందున్న ముహూర్తానికి ఒక సంచీ తీసుకెళ్ళి వేరే వాళ్ళింట్లో పెడతారు. ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. ఆ సంచీ మళ్ళీ మన గడప తొక్కకూడదు. వెళ్ళే రోజున అక్కణ్ణుంచే పట్టుకుపోవాలి.

"అది మూడు రోజులో వారమో కదా అన్నయ్యా పనిచేసేది?" అంది నా భార్య.

"తిరుపతికైతే మూడు రోజులే అమ్మా. యూరప్ ఎంత దూరం! ఆ దామాషాలో రెండు నెలలు చెల్లుతుంది."

ఆ లెక్కకి నేను తలూపాను. ఊపి ఊరుకోకుండా నా తెలివి కూడా కలిపాను. ఒక చీరో పంచో పెడితే సరిపోయేది. ప్రస్థానం గట్టిగా ఉండాలని, అప్పటికే వీసాలు పడిన ఇద్దరి పాస్‌పోర్టులూ సంచిలో పెట్టాను. వాటి జిరాక్సులు కూడా, అసలు పక్కనైతే భద్రంగా ఉంటాయని, అందులోనే పెట్టాను. పైన కాసిని బియ్యం పోసి, పసుపుకొమ్ము వేసి, బావగారింట్లో మంచం మీద పెట్టొచ్చాం.

ఏప్రిల్లో ఒక పొద్దున రెండో సైటులో రేటు కాస్త దిగింది. మేం వెళ్ళాల్సిన రోజుకి, పైకప్పు దాకా అద్దాలున్న పెట్టెలో, కిటికీ పక్క సీట్లు రెండే ఉన్నాయి. నేను గెలిచాననుకున్నాను. పేర్లు కొట్టాక పాస్‌పోర్టు నంబర్లు అడిగింది. ఆ పక్కనే ఇరవై నిమిషాల గడియారం ఒకటి వెనక్కి తిరగడం మొదలెట్టింది.

బావగారింటికి పరుగెత్తాను. తాళం. ఫోన్ చేస్తే ఆయన పట్టిసీమలో, గుడికి వెళ్ళే పడవలో ఉన్నారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉందట.

"వీధివైపు కిటికీ తెరిచే ఉంది చూడండి, మంచం కనిపిస్తుంది" అన్నారు.

కనిపించింది. చెయ్యి అందలేదు. పెరట్లో మునక్కాయలు కోసే, చివర కొక్కెం ఉన్న దోటి ఉంటే తెచ్చి, బకెట్టు బోర్లించి దాని మీదెక్కి, ఊచల సందులోంచి లోపలికి దూర్చాను.

"బావగారూ, సంచీ లాగుతున్నానండి!"

"లాగండి గానీ మీ గడప దాటించకండి!" అని ఫోన్లోంచి అరిచారు. "వీధిలోనే తెరవండి. బియ్యం మాత్రం ఒలక్కూడదు!"

సంచీ ఊచల్లోంచి పట్టదని దగ్గరికి లాగాక తెలిసింది. అప్పటికే చేపలమ్మే ఆవిడ గంప దించుకుని చూస్తోంది.

"గేలమేసి చేపలు పట్టేవోళ్ళని చూశాను గానీ, సంచులు పట్టేవోళ్ళని ఇప్పుడే చూత్తన్నానండి బాబూ. ఏవైనా పడ్డాయేంటండి?"

"పాస్‌పోర్టులు."

"అయ్యి కిలో ఎంతండి?"

కొక్కెంతో జిప్పు గుంజాను. బియ్యం మంచమంతా ఒలికింది. చివరికి పాస్‌పోర్టులు చేతికొచ్చే వేళకి నా భార్య కూరల సంచీతో వీధి మొదట్లో కనిపించింది. బకెట్టు మీద నేను, చేతిలో దోటి, చుట్టూ నలుగురు.

"ఏంటండీ ఇది?"

"నీ కిటికీ సీటు" అని, దిగి ఇంటికి పరుగెత్తాను.

గడియారం సున్నా దగ్గర ఆగి ఉంది. మళ్ళీ వెతికితే ఆ రోజుకి ఆ రైల్లో సీట్లే లేవు.

ఆవిడ వచ్చేలోపు ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను, సైటు చెడిపోయిందని. ఆవిడ వచ్చి, స్క్రీను చూసి, కుర్చీలో కూర్చుంది. కూరల సంచీ ఒళ్ళోనే ఉంది, దింపుకోవాలని కూడా తోచలేదు. ఆ మొహం చూశాక అబద్ధం బయటికి రాలేదు.

"నేనే పోగొట్టాను. జనవరిలో కొనాల్సింది. బేరమాడుతూ కూర్చున్నాను" అన్నాను.

"కంప్యూటరుకి పెదవి కూడా విరిచారు" అంది.

ఆవిడ ఒళ్ళోంచి కూరల సంచీ తీసి కింద పెట్టాను. తర్వాత నేనే, "అప్పుడేదో చదివానన్నావు, ఏంటది?" అన్నాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది.

"అవే పట్టాల మీద మామూలు రైలు కూడా వెళ్తుందండి. ఊరూరా ఆగుతుంది. రిజర్వేషన్ ఉండదు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే. దాని కిటికీలు తెరుచుకుంటాయట కూడా. మీ అద్దాల పెట్టెకి తెరుచుకోవు. ఆ రైల్వే వాళ్ళ సైట్లోనే ఒక్కరోజు పాసు ముందుగా కొనుక్కుంటే చాలు."

"మరి చెప్పలేదేం?"

"నాలుగు సార్లు చెప్పబోయాను."

నిజమే. ఆవిడ మాట సగంలో ఆగిపోవడం నాకెంత అలవాటైపోయిందంటే, దానికి రెండో సగం ఉంటుందన్న సంగతే మర్చిపోయాను. మా పెళ్ళయి ముప్ఫై నాలుగేళ్ళు. మిగతా సగాలన్నీ ఏమయ్యాయో ఇప్పుడు అడిగినా ఆవిడకి గుర్తుండవు.

ఆవిడ కంప్యూటరు తన వైపు తిప్పుకుని టైపు చెయ్యడం మొదలెట్టింది. రేటు కనిపించింది. ఇంకో చోట చూడకుండానే ముందుకు వెళ్ళింది. నా చేతులు వాటంతటవే ఫైలు కోసం తడుముకుంటుంటే రెంటినీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఎంతమందని అడుగుతోంది" అంది.

ఇద్దరని గబుక్కున అనబోయి ఆగాను. "నువ్వే చెప్పు" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చాలాసేపు చూసింది. తర్వాత రెండు అని కొట్టింది.

"కిటికీ పక్కన నేను" అంది. "మీరు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ."