యోబుకు మళ్లీ పుట్టిన బిడ్డలు

ఈ ఉదయం రాయదుర్గంలో పాత పుస్తకాల బండి మీద ఎర్ర అంచుల బైబిలు కనిపించింది. మీ ఇళ్లలోనూ ఉండేది కదా, కిరసనాయిలు వాసన పట్టిన అలాంటి బైబిలు?

మా చిన్నప్పుడు చెల్లెలు జ్వరంతో పోయాక అమ్మ బైబిలు చదవడం యోబు కథ దగ్గరే ఆగిపోయింది. బిడ్డలందరినీ పోగొట్టుకున్న యోబుకు చివర్లో దేవుడు మళ్లీ బిడ్డలనిస్తాడు. ఇంటికొచ్చిన పాస్టరును అమ్మ అడిగింది.

"కొత్త బిడ్డలు పుట్టినారు, సరే. పోయినోళ్ల మాటేంది అయ్యగారూ?"

"గమ్మునుండు," అన్నాడు నాయన.

పాస్టరు చాప మీద కూలబడ్డాడు. "నాకూ అర్థం కాలేదమ్మా. నా కూతురు పోయినప్పుడు నేనూ ఇదే అడిగినా."

ఇద్దరూ ఏడ్చారు.

తర్వాత తమ్ముడు పుట్టాడు. దేవుడు నీ బిడ్డను తిరిగిచ్చాడని అందరూ అన్నారు. అమ్మ వాణ్ణి గుండెకు హత్తుకుని అంది:

"వీడు వీడే. అది అదే."