ఎండిన బావిలోకి వేసిన పైపు

మా ఇంట్లో కుళాయి తిప్పితే ముందు వాసన వస్తుంది, తరువాతే నీళ్ళు వస్తాయి. కుళ్ళిన కోడిగుడ్డు, తుప్పు, మోరీ మురుగు అన్నీ కలిసిన వాసన. కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం వెనక గల్లీలో మా అపార్ట్‌మెంటు బోరు నీళ్ళ సంగతి ఇది. స్నానం చేసి వచ్చాక సబ్బు వాసన పోతుంది గానీ ఇది పోదు. ఈ జాగాలోనే మా పాత పెంకుటిల్లు ఉండేది, ఇప్పుడు స్కూటర్లు పెట్టేచోట మా బావి ఉండేది.

ఇల్లు తాతది కావచ్చు, బావి మాత్రం నాయనమ్మది. చెప్పులతో గట్టెక్కితే ఎంత దగ్గరి చుట్టాన్నయినా దులిపేసేది. పంజాగుట్ట వైపు మిట్టల మీద పడ్డ వాన మొరంలోకి, బండల సందుల్లోకి ఇంకి, నింపాదిగా కిందికి జారుతూ మా వైపు వచ్చేది కాబట్టి ఆమె వాన పడ్డనాడు బావిని పట్టించుకునేది కాదు, బతుకమ్మ నాటికి తొంగిచూసేది. అప్పటికి చేంతాడు సగం కూడా విప్పనక్కర్లేకుండా బొక్కెన మునిగేది. మలీద ముద్దలు తిని, బెల్లం అంటిన చేతులు ఆ నీళ్ళతోనే కడుక్కునేవాళ్ళం. ఎండాకాలం పూడిక తీస్తే నల్లటి చల్లటి బురదలో మునిగిపోయిన బిందెలు, గంటెలు, మేము పారేసుకున్న బంతులు బయటపడేవి. ఆ బురద కూడా కమ్మగా ఉండేదంటే ఇప్పుడెవరు నమ్ముతారు!

తరువాత గల్లీ నిండా బోర్లు పడ్డాయి. ఒకరికంటే ఒకరు లోతుకు వేసి లాగారు. పైనున్న నీళ్ళన్నీ కిందికి దిగిపోయి మా బావి ఎండింది. మేమూ ఒక బోరు వేయించుకున్నాం. మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, కోచింగ్ పిల్లల కోసం పెరట్లో హాస్టల్ గదులు కట్టి, లెట్రిన్ పైపు తీసుకెళ్ళి ఆ బావిలోకి వదిలాడు. ఆ గల్లీల్లో అదొక గొప్ప తెలివి. ఎండిన బావి ఉందంటే సెప్టిక్ ట్యాంకు తవ్వే పని తప్పినట్టే! నాయనమ్మ గట్టు మీద అడ్డంగా కూర్చుని, గంగమ్మ ఉన్న జాగలో పెంట పోస్తావా అని గొడవపెట్టుకుంది. చిన్నాయన నవ్వి, ఆమెను లేపి, పైన స్లాబు వేయించాడు. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొన్నాళ్ళకు పక్కింటి టీచరమ్మ, గుంటూరు వైపు నుంచి వచ్చినావిడ, గ్లాసుడు నీళ్ళు పట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. నురగ తేలుతోంది.

"మామ్మగారూ, మా బోరులో వస్తున్నవి ఇవి. ఒక్కసారి వాసన చూడండి."

చిన్నాయన అడ్డం వచ్చాడు. "మా బాయి ఎండిపోయి ఎన్నేండ్లాయె టీచరమ్మా. అండ్ల నీళ్ళే లేవు, మీ బోరుకు ఎట్లొస్తది?"

నాయనమ్మ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం ముడుచుకుని, కొడుకు చేతిలో పెట్టింది. "ఎండింది బాయి రా, భూమి కాదు. గీ గల్లీకంత కింద ఒక్కటే ఊట. మనం పోసిందే మన బోరుకు సుత వస్తున్నది. మనమే తాగుతున్నం."

నేను పరిగెత్తి మోరీ దగ్గర కక్కుకున్నాను. చిన్నాయన పైపు మాత్రం తీయలేదు. హాస్టల్ నిండా పిల్లలున్నారు, ఇప్పుడెట్లా తీస్తామన్నాడు. ఆనాటి నుంచి నాయనమ్మ ఆ బోరు నీళ్ళు ముట్టలేదు. మున్సిపల్ నల్లా వచ్చినప్పుడు తనకోసం వేరుగా పట్టుకుని, తాగడానికీ స్నానానికీ అవే వాడుకునేది. చెంబెడే దొరికితే వాటితోనే ఒళ్ళు తడుపుకుని సరిపెట్టుకున్న రోజులున్నాయి.

ఆమె పోయిననాడు నల్లా రాలేదు. చుట్టాలందరూ తొందరపెడుతుంటే బోరు నీళ్ళతోనే ఆఖరి స్నానం చేయించారు. చిన్నాయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని బిందె ఎత్తి తల్లి మీద పోశాడు. థూ, మనిషన్నవాడు చేసే పనేనా!

ఇప్పుడు ఇల్లు లేదు, హాస్టల్ లేదు, బావి కూడా లేదు. దాంట్లో పోసిందంతా మాత్రం కిందే ఉంది. తాగే నీళ్ళు డబ్బాల్లో వస్తాయి. నా చిన్న కూతురు స్నానాల గదిలో పెదవులు గట్టిగా బిగించుకుని నిలబడుతుంది, తల మీద నీళ్ళు పోస్తుంటే ఊపిరి కూడా తీయదు. మాటలు సరిగ్గా రాకముందే దానికది నేనే నేర్పాను.