బావ పీకేసిన క్లాంపు

కువైట్‌లో ఏసీలు బిగించి వచ్చిన మా బావకు తెలియని విద్య లేదు. ప్రొద్దుటూరులో నేను దుకాణాల లైటు బోర్డులకు పవర్ సప్లైలు తయారుచేస్తుంటాను. అక్క మాట కాదనలేక ఆయన్ను భాగస్తుణ్ణి చేసుకున్నాను.

వచ్చీ రాగానే ఆయన కన్ను ఒక చిన్న రెసిస్టరు మీద పడింది.

"ఇదేందిరా, ఊరికే కాల్తాంది? దీనికి పనీపాటా లేదా?"

"అది క్లాంపు బావా. ట్రాన్సిస్టరు ఆగిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫార్మరు దాని మీదికి వోల్టేజీని ఎగదోస్తాది. అది హద్దు దాటకుండా ఈ డయోడు, కెపాసిటరు పట్టుకుంటాయి. పట్టుకున్నదాన్ని రెసిస్టరు వేడి చేసి వదిలేస్తాది."

"కరెంటును వేడి చేసి గాలికి వదిలేదానికి మనమెందుకురా?"

నేను కడపకు సామాను కోసం పోయిన రోజు, జమ్మలమడుగు ఆర్డరులోని సప్లైలన్నిటికీ క్లాంపులు పీకేశాడు. ఒక చిన్న బల్బు తగిలించి చూశాడట, వెలిగిందట. బల్బు చిన్నదైతే ట్రాన్సిస్టరుకు తగిలే దెబ్బా చిన్నదే. ఆయనకు ఆ సంగతి అక్కర్లేదు. నాకు చెప్పనూ లేదు.

ఆ ఆర్డరు గండికోట దారిలోని కొత్త బిరియానీ హోటలుది. ప్రారంభానికి ఊరి పెద్దలంతా వచ్చారు. బోర్డులో ఒక్కో అక్షరానికి ఒక్కో సప్లై. బావ తెల్లచొక్కా తొడిగి, స్విచ్చు తానే నొక్కాడు. చప్పట్లు ఆగకముందే టప్‌మని ఒకటి పేలింది, వెంటనే ఇంకొకటి. చివరికి "బిరియానీ"లో "నీ" మాత్రం మిగిలింది. కాసేపటికి అదీ పోయింది.

"ఏందప్పా, పటాసులు కూడా మీరే తెచ్చినారా?" అన్నాడు హోటలు యజమాని.

"ఈడ కరెంటు సరిగా లేదు భాయ్," అన్నాడు బావ, రెప్ప వేయకుండా.

"మరి నా ఫ్యాన్లు యాడి కరెంటుతో తిరుగుతాండాయి?"

పెద్దలు నవ్వారు. నేను నిచ్చెనెక్కి ఒక డబ్బా విప్పాను. ట్రాన్సిస్టరు నిలువునా పగిలి ఉంది. క్లాంపు ఉండాల్సిన చోట ఉత్త రంధ్రాలు. కోపంతో బావ కోసం వెతికాను. ఆయన అప్పటికే బిరియానీ వరుసలో నిలబడ్డాడు.

మరుసటి రోజు ట్రాన్సిస్టర్లు మార్చి, క్లాంపులన్నీ మళ్లీ అతికించాను. ఈసారి బోర్డు మొత్తం తగిలించి, పొద్దంతా వెలిగించి చూసి గానీ కదల్లేదు. అది ఇప్పటికీ వెలుగుతోంది.

జరిగింది అక్కకు చెప్పాను.

"మీ బావ నీకాడుంటే నా మిక్సీ, ఫ్రిజ్జు బతికి బయటపడతాయనుకుంటి కదరా," అంది.

బావ ఇప్పుడు పులివెందులలో సోలార్ పంపులు బిగిస్తున్నాడు. రైతులు ఇంకా తన్నలేదట.